రెండు కవర్ల మీదా 10కె అనే రాసి ఉంది

మే నెల చివర్లో నా టేబుల్ మీద రెండు చిన్న జిప్ కవర్లు పక్కపక్కన పడి ఉండేవి. రెండింటి మీదా బాల్‌పెన్నుతో "10కె" అనే రాసి ఉంది. ఒకదాంట్లో వేడి కొలిచే సెన్సార్ డెబ్బై రూపాయలది, ఇంకోదాంట్లోది మూడు వందల ఎనభైది. డెబ్బై రూపాయలది కాఫీ మెషిన్‌కు బిగించి మా బావ బేకరీకి వచ్చే కాలేజీ పిల్లలతో మూడు రోజులు పుల్లటి కాఫీ తాగించిన ఘనత నాదే. ఎలా తాగించానో, తర్వాత ఎలా బయటపడ్డానో రాస్తున్నాను.

మా బావది హన్మకొండలో చిన్న బేకరీ. కాలేజీ పిల్లలు ఎక్కువ వస్తున్నారని సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎస్ప్రెస్సో మెషిన్ కొన్నాడు. ఒకే బాయిలర్, ఒకే గ్రూపు (కాఫీ దిగే మూతి), ముందు చిన్న డిస్‌ప్లే. కాఫీ తీసేటప్పుడు 95, పాలు కాచే స్టీమ్ బటన్ నొక్కితే 130 చూపిస్తుంది. నేను యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు సర్వీస్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఇంటి దగ్గర చుట్టుపక్కలవాళ్ల మిక్సీలు, ఇండక్షన్ స్టౌలు కూడా చూస్తుంటాను. కాఫీ మెషిన్ మాత్రం అంతకుముందు ఎప్పుడూ విప్పలేదు.

ఆదివారం పొద్దున్నే ఫోన్. "బామ్మర్దీ, మిషన్ కాసేపు వేడెక్కుతోంది, తర్వాత ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. ఇక్కడ ఒకాయన చూశాడు, రెండు రోజులు నడిచింది, మళ్లీ అదే కథ." మధ్యాహ్నానికి కారు వెనక సీట్లో మెషిన్‌కు దుప్పటి చుట్టుకుని ఉప్పల్‌లో మా ఇంటి ముందు దిగాడు.

ప్లగ్గు తీసి పక్కన పెట్టి, పైమూత విప్పితే మాడిన ప్లాస్టిక్, పాత కాఫీపొడి కలిసిన వాసన. బాయిలర్ చిన్న చెంబంత ఉంది. ఒక జాయింటు దగ్గర నీళ్లు ఊరి, సుద్దలా తెల్లగా పేరుకుంది. బోరు నీళ్లు పోస్తే అంతే మరి. బాయిలర్ ఒంటి మీద వేడికి సంబంధించిన వస్తువులు రెండు కనిపించాయి. ఒకటి రెండు సన్నటి వైర్లున్న ఇత్తడి బోల్టు, అదే టెంపరేచర్ సెన్సార్. రెండోది రూపాయి బిళ్లంత గుండ్రటి కటాఫ్. దాని వీపు మీద 165 అని అచ్చు వేసి ఉంది, మధ్యలో చిన్న ఎర్ర బటన్. కొత్తగా విప్పేవాళ్లు ఈ రెండింటినీ కలిపి "థర్మోస్టాట్" అనేస్తారు. కానీ వాటి పనులు వేరు. సెన్సార్ ఎంత వేడి ఉందో మెషిన్‌ను నడిపే బోర్డుకు చెబుతుంది, అంతే. కటాఫ్‌కు బోర్డుతో పని లేదు. హీటర్‌కు వెళ్లే కరెంటు దాంట్లోంచే పోతుంది. వేడి హద్దు దాటితే లోపలి రేకు ఒంగి లైను తెగుతుంది. మళ్లీ చేత్తో నొక్కితే గానీ అతకదు.

ఆ కటాఫ్ రెండు కాళ్ల మధ్య ఒక ఎర్ర వైరు ముక్క కలిపి ఉంది.

"ఇదెవరు పెట్టారు బావా?"

"ఆయనే. అది లేకపోతే మిషన్ ఆన్ అయితలేదని చెప్పిండు."

ఆన్ కాకపోవడానికి కారణం కటాఫ్ తన పని తాను చేయడం. బాయిలర్ ఎందుకో హద్దు దాటి వేడెక్కింది, అది లైను తెంపింది. ఎందుకు వేడెక్కిందో చూడకుండా దాని నోరు నొక్కేశాడు. హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే రిలే అతుక్కుపోయినా, బాయిలర్లో నీళ్లు అయిపోయినా హీటర్‌ను ఆపేది ఇక ఏదీ లేదు. కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్ల కుర్రాడు రోజంతా ఆ మెషిన్ పక్కనే నిలబడతాడు. బావకు ఇది చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. ముందు ఆ వైరు కత్తిరించి చెత్తబుట్టలో వేశాను.

ఇక సెన్సార్. ఇలాంటి మెషిన్లలో సాధారణంగా ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది. మామూలు లోహపు తీగకు ఇది పూర్తిగా రివర్సు. 1833లో ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో మొదట గమనించింది ఈ తిరకాసు గుణాన్నే. ఈ మెషిన్ స్పేర్ పార్టుల జాబితాలో "10కె ఎన్‌టీసీ" అని ఉంది, అంటే పదివేల ఓముల రెసిస్టెన్స్‌ది. మీటర్ పెట్టి చూస్తే 7.2 కిలో ఓములు. ఇంకేముంది, పదివేలు ఉండాల్సింది ఏడువేలకు పడిపోయింది, సెన్సార్ పోయిందని ఎగిరి గంతేశాను. బావకు కూడా అదే చెప్పాను. టీ తాగుతుంటే గోడ మీది థర్మామీటర్ కనిపించింది. 34 డిగ్రీలు. పదివేలు అనేది 25 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో మా వర్క్‌రూమ్‌లో 10కె సెన్సార్ ఏడువేల చిల్లర చూపించడమే న్యాయం. అంటే సెన్సార్ బాగానే ఉంది! బావకు ఇచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకున్నాను.

మరి తప్పెక్కడ? సెన్సార్‌ను విప్పి, దాని ఇత్తడి భాగం మాత్రమే మునిగేలా స్టీలు గ్లాసులో పెట్టి వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మీటర్ చూశాను. ఆరువేలు, ఐదువేలు, నాలుగువేలు, చక్కగా దిగుతోంది. యాభై ఐదు దాటాక అంకెలు ఒణకడం మొదలైంది. ఉన్నట్టుండి రెండు మూడు వందలు పెరిగి మళ్లీ తగ్గేది. వైరును సన్నగా లాగితే మీటర్ మీద ఓఎల్, అంటే లైను తెగినట్టే. వైరు ఇత్తడి బోల్టులోకి దూరే మెడ దగ్గర లోపల విరిగింది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తగులుకుని ఉంటాయి, వేడికి సాగితే విడిపోతాయి. చల్లటి మెషిన్ మీద మీటర్ పెట్టి "సెన్సార్ ఓకే" అని తేల్చేసినవాళ్లకు ఇది జన్మలో దొరకదు.

కటాఫ్ ఎందుకు పడిందో కూడా అప్పుడే అర్థమైంది. 130 డిగ్రీల దగ్గర ఈ సెన్సార్ రెసిస్టెన్స్ ఐదు వందల ఓముల చిల్లరే. విరిగిన చోట అదనంగా రెండు వందలు చేరితే బోర్డుకు ఏడు వందలు కనిపిస్తుంది. ఎన్‌టీసీలో రెసిస్టెన్స్ ఎక్కువంటే చల్లగా ఉన్నట్టు లెక్క. పాపం బోర్డు "ఇంకా వేడెక్కలేదు" అనుకుని హీటర్‌ను నడుపుతూనే ఉంటుంది. లెక్క వేస్తే, బోర్డు 130 అనుకునే సమయానికి బాయిలర్ 155 దాకా పోతుంది. ఇంకొంచెం ఎక్కితే 165. కటాఫ్ పడింది. దానికి ఎర్ర వైరు బహుమతి!

కంపెనీ సెన్సారే తెప్పిద్దామంటే బయటి దేశం నుంచి రావాలి, మూడున్నర వేలు, ఆపైన కస్టమ్స్, నెల రోజులు. పరీక్షలు అయిపోయి పిల్లలు ఊళ్లకు వెళ్లేలోపే నాలుగు డబ్బులు చేసుకోవాలని బావ తొందర. కోఠీ గుజరాతీ గల్లీకి బయల్దేరాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ పని చేసే ఎవరినైనా అడగండి, రెసిస్టర్ నుంచి రేడియో నాబ్ దాకా ఏది కావాలన్నా అక్కడికే పొమ్మంటారు. నాలుగో షాపులో ఇత్తడి బోల్టు తలతో, నల్లటి వైరుతో 10కె ఎన్‌టీసీ దొరికింది. ఇది కాఫీ మెషిన్‌కు పనికొస్తుందా అని అడిగితే షాపాయన తల కూడా ఎత్తలేదు. "10కె అంటే 10కెనే అన్నా. సేమ్ టు సేమ్." కౌంటర్ మీది మీటర్‌తో కొలిచి చూపించాడు. ఏసీ షాపు కదా, దాదాపు పదివేలు. అనుమానం తీరిపోయింది. రెండు కొన్నాను.

బిగించాను, డిస్‌ప్లే మీద అంకెలు బుద్ధిగా 95 దాకా ఎక్కి నిలబడ్డాయి. ఎర్రర్ లేదు. బావ సంతోషంగా మెషిన్ పట్టుకెళ్లాడు. మూడో రోజు రాత్రి ఫోన్.

"కాఫీ పుల్లగ ఉంది రా. పాలు కూడా నురగ వస్తలేదు, పైపులోంచి నీళ్లే వస్తున్నయ్."

"పొడి మార్చావా?"

"అదే పొడి. అదే అరకు కాఫీ. నీ సెన్సారే మారింది."

ఈ మాట గుచ్చుకుంది. శనివారం నేనే హన్మకొండ వెళ్లాను. నా మీటర్‌తో కె టైపు థర్మోకపుల్ (కొసతో వేడి కొలిచే వైరు) వస్తుంది, దాని కొసను గ్రూపు కింద నీళ్లు పడే చోట థర్మాకోల్ కప్పులో పెట్టి చూశాను. డిస్‌ప్లే 95 అంటోంది, కప్పులో 80 కూడా లేదు. దారిలో కొంత వేడి పోతుంది, ఒప్పుకుంటాను, కానీ పదిహేను డిగ్రీలు పోదు. ఎస్ప్రెస్సోకు గ్రూపు నుంచి వచ్చే నీళ్లు 88కి రెండు అటూ ఇటూ ఉండాలని ఇటలీవాళ్లు ప్రమాణంగానే రాసుకున్నారు. తొంభై పైన ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. 80కి లోపు నీళ్లకు పొడిలోంచి పులుపు తేలిగ్గా దిగుతుంది, తీపీ చేదూ లోపలే ఉండిపోతాయి. కాలేజీ పిల్లలు మూడు రోజులుగా తాగింది ఆ పులుపునే. పాపం వాళ్లలో కొందరు "కొత్త ఫ్లేవరా అంకుల్" అని అడిగారట.

కొత్త సెన్సార్ బాగుంది, బోర్డు బాగుంది. ఇద్దరికీ భాష కలవలేదు, అంతే.

10కె అనేది ఆ సెన్సార్ పూర్తి పేరు కాదు. 25 డిగ్రీల దగ్గర దాని విలువ మాత్రమే. అక్కడి నుంచి వేడెక్కేకొద్దీ ఎంత వేగంగా దిగుతుందో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, బీటా. కోఠీలో దొరికిన దాని బీటా 3950. చవక టెంపరేచర్ కంట్రోలర్లలో ఎక్కువగా వాడేది అదే కాబట్టి అదే ఎక్కువ దొరుకుతుంది. బావ మెషిన్ బోర్డు ఇంకో బీటాకు రాసిన లెక్కతో నడుస్తోంది. రెండూ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా కలుసుకుంటాయి, తర్వాత దూరమవుతూ పోతాయి. ఏసీ షాపులో కౌంటర్ మీద కొలవడం అంటే, ఆ రెండూ కలిసే ఒకే ఒక్క చోటుకు వెళ్లి "చూడు, రెండూ ఒకటే" అనడం. షాపాయన అబద్ధం ఆడలేదు. నేనే సగం ప్రశ్న అడిగాను.

పాత సెన్సార్ బీటా ఎంతో ఎక్కడా రాసి లేదు. అయితే అది పూర్తిగా చచ్చిపోలేదు కదా, యాభై దాకా నిజమే చెబుతుంది. ఉప్పల్‌కు తిరిగొచ్చి ఆ రాత్రే కొలతలకు కూర్చున్నాను. ఫ్రిజ్‌లోని ఐసు దంచి, నీళ్లు పోసి, బాగా కలిపి పది నిమిషాలు వదిలేస్తే అది సున్నా డిగ్రీలు. దీన్ని మించిన చవక ప్రమాణం లేదు. ఐసు ముక్కలు నాలుగు వేసి గబగబా కొలిస్తే మాత్రం మూడో నాలుగో డిగ్రీలు తేడా వస్తుంది, ఐసు గ్లాసు నిండా ఉండాలి. సెన్సార్లకు పాల ప్యాకెట్ కవరు ముక్క చుట్టి, దారంతో కట్టి ముంచాను. పాతది 27.3 కిలో ఓములు చూపించింది. కోఠీది 33కి దగ్గర. తేడా కళ్ల ముందే ఉంది.

తర్వాత 50 డిగ్రీల నీళ్లు. పాతది 4.16 కిలో ఓములు. ఈ రెండు కొలతలు చాలు. పెద్ద రెసిస్టెన్స్‌ను చిన్నదానితో భాగించి సహజ లాగరిథమ్ తీయాలి. దాన్ని రెండు ఉష్ణోగ్రతల విలోమాల తేడాతో భాగించాలి. డిగ్రీలకు 273.15 కలపడం మర్చిపోతే వచ్చే జవాబుకు అర్థం ఉండదు, నేను మొదటిసారి మర్చిపోయాను. ఫోన్ క్యాలిక్యులేటర్లో 3320 వచ్చింది.

3320 బీటా ఉన్న సెన్సార్ కోసం ఎంత వెతికినా దొరకలేదు. 3380 ఉంది, 3435 ఉంది. ఇక్కడ ఒక గంట పోయింది. చివరికి ఒక డేటాషీట్ (సెన్సార్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చివరి పేజీలో జవాబు దొరికింది. బీటా నిజానికి ఒకే అంకె కాదు, ఏ రెండు ఉష్ణోగ్రతల మధ్య లెక్కిస్తే దానికి తగ్గట్టు మారుతుంది. కింది వేడిలో తక్కువ, పైకి పోయేకొద్దీ కొంచెం ఎక్కువ. ఒకే సెన్సార్‌కు 25 నుంచి 50 మధ్య లెక్క 3380, 25 నుంచి 85 మధ్య లెక్క 3435. నేను సున్నా నుంచి 50 మధ్య కొలిచాను కాబట్టి 3320. మూడూ ఒకే మనిషికి మూడు ఊళ్లలో ఉన్న పేర్లు. అందుకే కొనేటప్పుడు బీటా పక్కన 25/50 అనో 25/85 అనో ఉందా అని చూడటం అప్పటి నుంచి అలవాటైంది. అది రాయనివాడి దగ్గర కొనబుద్ధి కాదు.

ఇప్పుడు పుల్లటి కాఫీ లెక్క కూడా సరిపోయింది. బోర్డు 3435 లెక్కలో 95 డిగ్రీలు అనుకునేది సుమారు 1120 ఓముల దగ్గర. 3950 సెన్సార్ 84 డిగ్రీలకే ఆ విలువకు దిగిపోతుంది. స్టీమ్ సంగతి ఇంకా దారుణం. బోర్డు 130 అనుకునే చోట అసలు వేడి 112. 130 దగ్గర ఆవిరికి బయటి గాలి కంటే 1.7 బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, 112 దగ్గర అర బార్ మాత్రమే. నురగ రాకపోవడంలో కుర్రాడి తప్పేమీ లేదు, వాణ్ని బావ మూడు రోజులు ఊరికే తిట్టాడు. తిరగేసి చూసుకున్నా ఒళ్లు జలదరించింది. బోర్డు 3950ది అయి, నేను 3435 సెన్సార్ పెట్టి ఉంటే, డిస్‌ప్లే మీద వంద అని ఉన్నప్పుడు లోపల 114 ఉండేది. కాఫీ పులిస్తే తిట్టుకుంటారు. ఇలా అయితే చేతులు కాలతాయి.

మధ్యలో ఆఫీసు స్నేహితుడు ఒకడు "పీటీ100 పెట్టెయ్, ఇండస్ట్రీలో అదే వాడతారు" అని సలహా ఇచ్చాడు. ప్లాటినం తీగతో చేసే మంచి సెన్సారే. సున్నా దగ్గర వంద ఓములు, వంద డిగ్రీల దగ్గర 138.5, ప్రపంచమంతా ఒకటే పట్టిక, బీటా గొడవే లేదు. కానీ మా బోర్డు వేల ఓములు చదవడానికి పుట్టింది. వంద ఓములు చూపిస్తే షార్టు అనుకుని ఎర్రర్ వేస్తుంది. థర్మోకపుల్ ఇచ్చేది డిగ్రీకి నలభై మైక్రోవోల్టులు, దాన్ని ఈ బోర్డు గుర్తించనే గుర్తించదు. బోర్డు తీసేసి బయట పీఐడీ కంట్రోలర్ (వేడిని కచ్చితంగా నిలిపే పరికరం), ఎస్‌ఎస్‌ఆర్ (ఎలక్ట్రానిక్ రిలే) పెట్టుకునే ఔత్సాహికులు ఉన్నారు, వాళ్లకు అవి పనికొస్తాయి. గాజియా క్లాసిక్ పాత మోడళ్ల లాంటివైతే ఈ తలనొప్పే లేదు. అందులో ఉండేవి రేకు థర్మోస్టాట్లు, కాఫీకి 107, స్టీమ్‌కు 145, అంకె చూసి అదే అంకె తెచ్చుకోవడమే. ఎలక్ట్రానిక్స్ పెరిగినకొద్దీ పని సులువవుతుందని ఎవరన్నారో గానీ.

బీటా తేలాక పని అయిపోయిందనుకున్నాను. సగమే అయింది.

మొదటిది, లోపలి పూస దేనితో చేసింది అన్నది. ఎన్‌టీసీ అంటే చిన్న పూస. దాన్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో ముంచితే చవక, గాజులో పొదిగితే ఖరీదు. మామూలు ఎపాక్సీది 105 నుంచి 125 డిగ్రీల దాకానే. కాఫీ మాత్రమే తీసే మెషిన్ అయితే నడిచిపోతుంది, స్టీమ్ ఉన్నదానికి కుదరదు. రోజుకు యాభైసార్లు 130కి ఎక్కి దిగితే ఎపాక్సీ పగులుతుంది. గాజు పూస రెండు వందలు దాటినా తట్టుకుంటుంది. మూడు వందల ఎనభై రూపాయల్లో ఎక్కువ భాగం ఆ గాజుకే.

రెండోది వైరు. కోఠీ సెన్సార్ నల్ల వైరు మామూలు పీవీసీ. మూడు రోజులకే బాయిలర్‌కు ఆనుకున్న చోట మెత్తబడి నున్నగా మెరుస్తోంది. ఇక్కడ టెఫ్లాన్ వైరు ఉండాలి, 200 డిగ్రీలకు కూడా చలించదు. తెల్లగా జారుడుగా ఉంటుంది, గోరుతో గీస్తే తెలిసిపోతుంది.

మూడోది టాలరెన్స్, అంటే రాసిన విలువకూ అసలు విలువకూ ఎంత తేడా ఉండొచ్చన్నది. ఒక శాతమా, ఐదు శాతమా? ఈ సెన్సార్‌కు 95 దగ్గర డిగ్రీకి రెండున్నర శాతం రెసిస్టెన్స్ మారుతుంది. అంటే ఒక శాతం తేడా అర డిగ్రీ కూడా కాదు, ఐదు శాతం అంటే రెండు డిగ్రీలు. కాఫీకి రెండు డిగ్రీలు నాలుకకు తెలుస్తాయో లేదో, మా బావకైతే తెలుస్తాయి. ఒక శాతందే తీసుకున్నాను.

నాలుగోది థ్రెడ్. పాత బోల్టు జేబులో వేసుకుని రాణీగంజ్ వెళ్లాను. నట్లు బోల్టుల షాపులో ఒక పెద్దాయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, సొరుగులోంచి ఎం4 (నాలుగు మిల్లీమీటర్ల) నట్టు తీసి ఎక్కించాడు. చివరిదాకా నున్నగా వెళ్లింది. స్కేలు కూడా ముట్టలేదు. "బాబూ, ఇది ఇత్తడి. పానాతో గట్టిగా తిప్పావంటే తల నీ చేతికొస్తది, కాడ లోపలే ఉంటది" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. ఆ మాటకు మాత్రం ఖరీదు కట్టలేను.

సెన్సార్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఐదు రోజులు పట్టింది. రాగానే మళ్లీ ఐసు నీళ్లు, మళ్లీ పాల ప్యాకెట్ కవరు. 27 కిలో ఓములు దాటి కొంచెం. హమ్మయ్య. ఇక మరిగే నీళ్లలో చూడాలి. గిన్నెలో నీళ్లు తెరలి పొంగుతున్నాయి, థర్మోకపుల్ 98 దగ్గర ఆగిపోయింది, వందకు పోనంటోంది. మీటర్ కూడా పోయిందా అని టెన్షన్ పడ్డాను. కొత్త సెల్లు వేశాను. మళ్లీ 98. అప్పుడు గుర్తొచ్చింది, హైదరాబాద్ సముద్ర మట్టానికి ఐదు వందల నలభై మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేదే 98 దగ్గర. వంద అనుకుని కొలిస్తే మంచి సెన్సార్‌ను కూడా రెండు డిగ్రీలు తప్పని పక్కన పడేస్తాం. 98కి లెక్క ప్రకారం వెయ్యీ ముప్పై ఓముల చుట్టుపక్కల ఉండాలి. మీటర్ 1.03 కిలో ఓములు చూపించింది. ఆ అంకె చూసి మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె గిన్నె చూసింది. "అది పాలు కాచుకునే గిన్నె" అంది.

బిగించేటప్పుడు బాయిలర్ మీది గుంతను ముందు శుభ్రం చేశాను. లోపల ఎండిపోయిన తెల్లటి పేస్టు గవ్వలా గట్టిపడి ఉంది, అగ్గిపుల్లతో గీకితే పొడిపొడిగా రాలింది. ఆ గుంతలోకి నీళ్లు రావు, అది పొడి గుంత. అలాంటి చోట థ్రెడ్‌కు టెఫ్లాన్ టేపు చుట్టడం తప్పు, నీళ్లు ఆపే పని అక్కడ లేదు, వేడిని ఆపే పని మాత్రం టేపు చేస్తుంది. హీట్‌సింక్ పేస్టు బియ్యపు గింజంత పెట్టి, చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు కంటే తక్కువ. పెద్దాయన మాట చెవుల్లో ఉంది.

కటాఫ్ కూడా కొత్తది వేశాను, ఒకసారి నోరు నొక్కించుకున్నదాన్ని నమ్మబుద్ధి కాలేదు. ఒక షాపులో 130ది ఇవ్వబోయాడు, "తక్కువైతే ఇంకా సేఫ్ కదా" అని. స్టీమ్ వాడినప్పుడల్లా అది పడుతుంది, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు మళ్లీ ఎర్ర వైరు పెడతారు. 165ది, చేత్తో నొక్కితేనే అతికేది, పదహారు ఆంపియర్లది అడిగి తీసుకున్నాను. హీటర్ 1400 వాట్లు, ఆరు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. తనంతట తానే అతుక్కునే రకం కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, మధ్యలో బటన్ ఉందా లేదా అన్నదే గుర్తు.

మెషిన్ మళ్లీ హన్మకొండ చేరింది. ఈసారి నేనూ వెంట వెళ్లాను. డిస్‌ప్లే 95 చూపించాక మొదటి కప్పు నీళ్లు పారబోసి, రెండో కప్పులో థర్మోకపుల్ పెట్టాను. 91. మూడోది 92. స్టీమ్ బటన్ నొక్కితే పైపు బుస్సుమంది, కుర్రాడు వెనక్కి దూకాడు. బావ కాఫీ తీసి, స్టీలు గ్లాసులో పోసి, రెండు గుక్కలు తాగి ఏమీ అనలేదు. మూడో గుక్కకు "చక్కెర కొంచెం ఎక్కువైంది" అన్నాడు. మా బావ మెచ్చుకోవడం అంటే అదే.

రెండో గాజు సెన్సార్‌ను కవర్లో పెట్టి, కవరు మీద మార్కర్‌తో "10కె, 3435, 25/85, ఎం4" అని రాసి, మెషిన్ మూత లోపలి వైపు, వేడి తగలని మూల టేపుతో అంటించాను. ఈసారి విప్పేది నేనే కావాలని లేదు కదా.

కోఠీలో కొన్న ఆ రెండు 3950లు సొరుగులో ఉండిపోయాయి. మొన్న మా వీధి చివర నాటుకోళ్లు పెంచే అబ్బాయి గుడ్లు పొదిగే పెట్టె పట్టుకొచ్చాడు, ఎలుక సెన్సార్ వైరు కొరికేసిందట. విప్పి చూస్తే ఎర్ర బోర్డున్న చవక కంట్రోలర్, సరిగ్గా 10కె 3950 అడిగే రకం. అతికించి, 37.5 దగ్గర పెట్టి ఇచ్చాను. పిల్లలు దిగితే ఒక పుంజు ఇస్తానన్నాడు.